ఇకారస్ పడిపోతుంటే నిజంగానే ఎవరూ చూడలేదా?

పాతపుస్తకాలు
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. ఇకారస్ గురించి ఎక్కడ ఏ వ్యాసం చదివినా ఒకటే పాట: "కుర్రాడు ఆకాశం నుంచి పడి మునిగిపోయాడు, లోకం పట్టించుకోలేదు, ఎవరి పనిలో వాళ్లున్నారు." పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ వేసిన బొమ్మ ఒకటి పెడతారు, దాని కింద ఆ బొమ్మ మీద ఇంగ్లిష్ కవి ఆడెన్ రాసిన కవిత ఒకటి పెడతారు, అక్కడితో అయిపోతుంది.

కానీ అసలు కథ చెప్పిన రోమన్ కవి ఓవిడ్ దగ్గర అలా లేదు కదా! 'మెటమార్ఫోసెస్' ఎనిమిదో పుస్తకంలో చేపలు పట్టేవాడు, గొర్రెల కాపరి, దున్నేవాడు ముగ్గురూ తలెత్తి చూస్తారు. ఆకాశంలో ఎగురుతున్నారంటే వీళ్లు దేవుళ్లే అయి ఉంటారని నివ్వెరపోతారు. బ్రూగెల్ సరిగ్గా ఆ ముగ్గురినే తీసుకుని, వాళ్ల చూపు మాత్రం పక్కకు తిప్పేశాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కవులంతా ఆ తిప్పేసిన చూపు మీదే కవితలు రాశారు. కల కని ఓడిపోయినవాడి కథ కాస్తా చూడనివాళ్ల కథ అయిపోయింది. నాకిది అన్యాయంగా అనిపిస్తోంది. మీరేమంటారు?

మధ్యాహ్నం_కాఫీ
కథ పూర్తిగా తెలియని నాలాంటి వాళ్ల కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్పండి సార్. మైనం రెక్కలు, సూర్యుడు కరిగించడం వరకే తెలుసు.

పాతపుస్తకాలు
చెప్తాను. డెడాలస్ అనే గొప్ప శిల్పి, పనిమంతుడు. క్రీట్ రాజు మైనోస్ కోసం చిక్కుదారుల భవనం కట్టింది ఆయనే. తర్వాత రాజు ఆయన్ని ద్వీపం దాటనివ్వలేదు. నేల మీద దారి లేదు, నీటి మీద దారి లేదు, ఆకాశం మాత్రం తెరిచే ఉందనుకుని ఈకలు వరసగా పేర్చి, నడిమి భాగం దారంతో, కింది భాగం మైనంతో అతికించి రెక్కలు చేశాడు. ఒక జత తనకి, ఒక జత కొడుక్కి.

నాకు ప్రాణం లాంటి చోటు ఇక్కడుంది. నాన్న పని చేస్తుంటే పిల్లాడు పక్కనే నిలబడి గాలికి ఎగిరిపోయే ఈకల్ని పట్టుకుంటుంటాడు, పచ్చటి మైనాన్ని బొటనవేలితో మెత్తబరుస్తుంటాడు, నాన్న పనికి అడ్డం తగులుతుంటాడు. తన చావుతో ఆడుకుంటున్నానని వాడికి తెలియదు. రెక్కలు కట్టేటప్పుడు ముసలాయన చెంపలు తడిసిపోతాయి, చేతులు వణుకుతాయి. మధ్యలో ఎగురు, కిందికి పోతే సముద్రపు తడికి రెక్కలు బరువెక్కుతాయి, పైకి పోతే ఎండకు కాలిపోతాయి అని చెప్తాడు. పిల్లాడు ఎగిరే ఆనందంలో పైకి పోయాడు. మైనం కరిగింది. నాన్న పేరు పిలుస్తున్న నోట్లోకి నీళ్లొచ్చేశాయి. డెడాలస్ "ఇకారస్, ఎక్కడున్నావు" అని అరుస్తూ వెతికితే అలల మీద ఈకలు కనిపించాయి. తన విద్యనే తను శపించుకున్నాడు. పాతిపెట్టిన ద్వీపానికి ఇకారియా అని పేరొచ్చింది.

మధ్యాహ్నం_కాఫీ
బొటనవేలితో మైనం మెత్తబరచడం దగ్గర ఆగిపోయాను. ఇంత వివరం ఉందని తెలియదు. థాంక్స్.

సుజాత_ఇంగ్లిష్
డిగ్రీ పిల్లలకు ఆడెన్ కవిత చాలా ఏళ్లుగా చెప్తున్నాను కాబట్టి కవి తరఫున కొంచెం మాట్లాడతాను.

పాతపుస్తకాలు గారు అన్న "లోకం పట్టించుకోలేదు" అనే పాట గైడు పుస్తకాలది. ఆ పాపం ఆడెన్‌ది కాదు. ఆయన ఆ కవిత రాసింది 1938 డిసెంబరులో, బ్రసెల్స్‌లో ఉన్నప్పుడు. ఆ సెప్టెంబరులోనే మ్యూనిక్‌లో ఒప్పందం పేరుతో చెకోస్లోవేకియాలో ఒక ముక్క కోసి హిట్లర్ చేతిలో పెట్టారు. నవంబరులో జర్మనీ అంతటా యూదుల ఇళ్లు, దుకాణాలు, ప్రార్థనాలయాలు ధ్వంసం చేశారు. పక్క దేశాలు పేపర్లో చదివి పేజీ తిప్పేశాయి. ఆ చలికాలంలో ఒక మ్యూజియంలో నిలబడి, పాత చిత్రకారులకి బాధ గురించి బాగా తెలుసు అని మొదలుపెట్టాడాయన. బాధ వచ్చినప్పుడు పక్కన ఎవడో అన్నం తింటుంటాడు, ఎవడో కిటికీ తీస్తుంటాడు. అంతే, తిట్టలేదు. ఉన్నది చూపించాడు.

కవిత మొత్తం ఇరవై ఒక్క పంక్తులే. ఇకారస్ చివర్లో వస్తాడు. అంతకుముందు మంచు మీద ఆడుకునే పిల్లలు, హింసించేవాడి గుర్రం చెట్టుకు ఒళ్లు రుద్దుకోవడం, ఇలాంటివన్నీ బ్రూగెల్ వేసిన వేరే బొమ్మల్ని గుర్తుచేసేవి. అంటే ఇకారస్ ఒక్కడి గురించి రాసిన కవితే కాదది.

నిద్రపట్టని_నాని
సుజాత మేడం, ఆ కవిత నాకు ఎప్పుడు తగిలిందో చెప్తాను. ఇద్దరు స్నేహితులతో కలిసి పెట్టిన చిన్న కంపెనీ మూతపడింది. ఆఫీసు ఖాళీ చేసి, కుర్చీలు అమ్మేసి కిందికి వస్తే మాదాపూర్ రోడ్డు మీద రోజూ ఉండే ట్రాఫిక్కే. టీ బండి దగ్గర రోజూ ఉండే జనమే. నా ప్రపంచం కూలిపోయింది, వీళ్లెవరికీ తెలియదు అనిపించింది. కోపం కూడా వచ్చింది. తర్వాత ఎప్పుడో ఆ కవితలోని ఓడ దగ్గరికొచ్చేసరికి (ఆకాశం నుంచి కుర్రాడు పడటం చూసి కూడా, తనకు వెళ్లాల్సిన చోటు ఉంది కాబట్టి నెమ్మదిగా సాగిపోతుందే, ఆ ఓడ) ఆ కోపం పోయింది. ఎందుకు పోయిందో సరిగ్గా చెప్పలేను. ఒంటరితనం తగ్గింది, అంతవరకు చెప్పగలను.

పాతపుస్తకాలు
నాని గారు, మీరు చెప్పింది మనసుకు తాకింది. కానీ చూడండి, మీ దగ్గరా ప్రశ్న మళ్లీ చూసేవాళ్ల గురించే. ఎగిరిన రోజుల సంగతి ఎవరడుగుతారు? ఆ కంపెనీ నడిచిన రోజుల్లో మీరెంత ఎత్తున ఉన్నారో?

రంగులపెట్టె
బొమ్మలు వేసేదాన్ని కాబట్టి నా కళ్లతో చూసి చెప్తాను. కవితలు పక్కన పెట్టి ముందు బొమ్మ చూడండి.

కంటికి మొదట తగిలేది దున్నేవాడి ఎర్ర చొక్కా. బొమ్మలో అతనే పెద్ద మనిషి, అతనే ముందు ఉన్నాడు. చూపు అతని సాళ్ల వెంట కిందికి దిగుతుంది, అక్కడ కాపరి, గొర్రెలు, కుక్క. అక్కడి నుంచి ఆకుపచ్చ సముద్రం, తెరచాపలు నిండుగా ఉబ్బిన ఓడ, దూరంగా కొండలు, అంచున సూర్యుడు. ఇదంతా తిరిగొచ్చాక ఎప్పటికో కుడివైపు అడుగున, ఓడకి ఒడ్డుకి మధ్య రెండు తెల్లని కాళ్లు. చుట్టూ కాసిని ఈకలు. అంతే ఇకారస్. మొహం కూడా లేదు. పేరు చదవకపోతే బొమ్మలో ఇకారస్ ఉన్నాడని ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కాపరిని చూడండి. కర్ర మీద వాలి తల పైకెత్తి చూస్తున్నాడు. ఏం చూస్తున్నాడు? అతను చూసేవైపు ఆకాశం ఖాళీ. ఈ బొమ్మకే ఇంకో ప్రతి ఉంది, బ్రసెల్స్‌లోనే వాన్ బ్యూరెన్ మ్యూజియంలో. అందులో ఆకాశంలో డెడాలస్ ఎగురుతూ ఉంటాడు. కాపరి చూపుకి అర్థం అక్కడ దొరుకుతుంది. అంటే పాతపుస్తకాలు గారూ, ముగ్గురి చూపూ పక్కకు తిప్పేశాడు అనడం సరి కాదు. ఒకడు చూస్తున్నాడు. ఎగురుతున్నవాణ్ణి చూస్తున్నాడు, పడినవాణ్ణి చూడటం లేదు.

బ్రసెల్స్_బాబాయి
రంగులపెట్టె గారు చెప్పినవి రెండూ చూశాను. ఇక్కడే ఉంటాను. పెద్దది రాయల్ మ్యూజియంలో ఉంది, 1912లో కొన్నారు. పెద్దది అంటున్నాను గానీ 73.5 సెంటీమీటర్ల ఎత్తు, 112 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. ఆ కాళ్లు అరచేతి కింద దాగిపోతాయి.

కానీ అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. అదే మ్యూజియంలో రూబెన్స్ వేసిన ఇకారస్ కూడా ఉంది. 1636 నాటి చిన్న నూనె రంగుల స్కెచ్. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ వేట విడిదికి వేయాల్సిన బొమ్మల కోసం తయారుచేసుకున్నది. (ఆ స్కెచ్ చూసి గోవీ అనే ఆయన వేసిన పెద్ద బొమ్మ మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో ఉంది.) రూబెన్స్‌లో పొలం లేదు, ఓడ లేదు, దున్నేవాడు లేడు. ఆకాశంలో ఇద్దరే. తలకిందులైపోతున్న కొడుకు, వెనక్కి తిరిగి చూస్తున్న తండ్రి. ఆ తండ్రి మొహం చూస్తే నిలబడలేం. మా అబ్బాయికి పదిహేడేళ్లు, నాకు ఆ బొమ్మ దగ్గరే ఎక్కువసేపు గడిచింది.

ఒకే కప్పు కింద రెండు బొమ్మలు. ఒకదాంట్లో ఎవరూ చూడరు, ఇంకోదాంట్లో చూడటం తప్ప ఇంకేం లేదు.

మధ్యాహ్నం_కాఫీ
ఆడెన్ ఆ రూబెన్స్ ముందు ఆగి ఉంటే కవిత ఎలా ఉండేదో!

లెక్కల_మాస్టారు
అసలు ఆ బొమ్మ బ్రూగెల్‌ది కాదని ఎక్కడో చదివాను. నిజమేనా?

రంగులపెట్టె
మాస్టారూ, కూర్పు బ్రూగెల్‌దే అని చాలామంది ఒప్పుకుంటారు. కానీ మనకు మిగిలింది ఆయన చేతి బొమ్మ కాదు, పోయిన అసలు బొమ్మకి ఎవరో తీసిన మంచి ప్రతి అని ఇప్పుడు ఎక్కువ మంది నమ్మకం. ఆయన రంగు వేసేది ఎక్కువగా చెక్క పలక మీద. ఇది గుడ్డ మీద ఉంది. 1996లో చేసిన పరీక్షల తర్వాత అనుమానం ఇంకా గట్టిపడింది. డెడాలస్ కావాలని వదిలేసిందో, నకలు తీసినవాడు మరిచిపోయాడో, అసలు బొమ్మ దొరికితే గానీ తేలదు.

గోదారిగట్టు
మేము దున్నేవాళ్లం. ఇప్పుడు ట్రాక్టరే అనుకోండి, మా నాన్న ఎడ్లతోనే దున్నేవాడు. నేనూ చిన్నప్పుడు మేడి పట్టాను. అందుకే ఆ ఎర్ర చొక్కాయనని తిట్టడం నాకు నచ్చలేదు.

మేడి పట్టుకున్నవాడి కన్ను కర్రు మీద ఉండాలి. పక్కకు చూస్తే సాలు వంకరపోతుంది, రాయి తగిలితే కర్రు విరుగుతుంది, ఎద్దు కాలికి గుచ్చుకున్నా దిక్కు లేదు. బొమ్మలో ఆయన దున్నేది ఏటవాలు నేల, సముద్రం మీదికి వాలిన గట్టు. గుర్రం ముందు, ఆయన వెనక. ఒక్క అడుగు తప్పితే ఇంకో ఇకారస్ ఆయనే. ఆయన చూపు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

పైగా ఆ బొమ్మలో ఎడమ వైపు పొదల్లో ఇంకో శవం తల కనిపిస్తుందట కదా? చచ్చిన మనిషి కోసం నాగలి ఆగదు అనే సామెత ఆ దేశంలో ఉందని చదివాను. పరాయివాడి చావు కోసం పంట ఆగితే బతికున్నవాళ్లు ఏం తింటారు?

రంగులపెట్టె
అవును, ఎడమవైపు పొదల్లో మసకగా ఒక మనిషి తల ఉంది. మీరు చెప్పిన ఏటవాలు సంగతి ఇన్నాళ్లూ నా బుర్రకి తట్టలేదు. మళ్లీ చూశాను, సాళ్లు గట్టు అంచుకి సమాంతరంగా వంపు తిరుగుతున్నాయి. నిజంగానే ప్రమాదమైన చోటు.

సుజాత_ఇంగ్లిష్
గోదారిగట్టు గారు చెప్పింది రేపు క్లాసులో చెప్తాను, మీ అనుమతితో. ఓవిడ్ దున్నేవాడు మేడి మీద వాలి చూస్తాడు. అంటే పని ఆపాడు. బ్రూగెల్ దున్నేవాడికి ఆపే వీలే లేని నేల ఇచ్చాడు. ఈ తేడా ఏ గైడులోనూ లేదు.

గోదారిగట్టు
చెప్పండి మేడం. దున్నేవాడు మేడి మీద వాలడం అంటే ఎడ్లకి కాసేపు విశ్రాంతి కూడా. ఓవిడ్ రైతుల్ని చూసే రాసుంటాడు.

నిద్రపట్టని_నాని
మా అమ్మమ్మ అనేది, ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరకుండా దంచినా అంతే కూలి అని. ఇకారస్‌కి ఎవరైనా ఈ సామెత చెప్పాల్సింది 😀

శ్రావణి_రాజమండ్రి
మనకీ ఇలాంటి కథ ఉంది కదా, ఎవరూ గుర్తుచేయలేదు! కిష్కింధకాండలో సంపాతి. అన్నదమ్ములు సంపాతి, జటాయువు పంతానికి సూర్యుడి దాకా ఎగిరారు. ఎండకి జటాయువు సొమ్మసిల్లుతుంటే అన్న తన రెక్కలు గొడుగులా పట్టాడు. సంపాతి రెక్కలు మాడిపోయి వింధ్య మీద పడ్డాడు. నిశాకర మహర్షి ఆగమన్నాడని ఏళ్ల తరబడి ఆగాడు. చివరికి వానరులకి సీత జాడ చెప్పగానే కొత్త రెక్కలు మొలిచాయి. ఓడిన కలకి రెండో అవకాశం ఇచ్చిన కథ అది. గ్రీకుల దగ్గర అది లేదు.

లెక్కల_మాస్టారు
శ్రావణి గారు, కథ బాగుంది కానీ పోలిక నాకు అతకలేదు. సంపాతి పడింది తమ్ముణ్ణి కాపాడబోయి. అది త్యాగం. ఇకారస్ పడింది ఎగరడం బాగుందని ఇంకాస్త పైకి పోయినందుకు. సంపాతిని ఎవరూ తప్పుపట్టరు. ఇకారస్‌ని రెండు వేల ఏళ్లుగా తప్పుపడుతూనే ఉన్నారు. "నాన్న మాట వినని కొడుకు" అని.

శ్రావణి_రాజమండ్రి
అదే నేననేది మాస్టారూ. మన కథలో పెద్దవాడు రెక్కలు అడ్డం పెట్టాడు. అక్కడ పెద్దవాడు ముందు ఎగిరిపోయాడు, పిల్లాడు వెనక. ఓవిడ్ ఆయన వెనక్కి తిరిగి చూస్తున్నాడని అంటాడు సరే, మరి సరిగ్గా అవసరమైన క్షణంలో?

బ్రసెల్స్_బాబాయి
తండ్రిని అలా అనకండమ్మా. తన రెక్కలు కూడా మైనమే. పైకి వెళ్లి అడ్డం పెడితే ఇద్దరూ పోతారు.

పాతపుస్తకాలు
బాబాయి గారూ, తండ్రి గురించి ఓవిడ్ వెంటనే ఇంకో కథ చెప్తాడు. అది చదివాక నేను ఆ తండ్రిని మళ్లీ మామూలుగా చూడలేకపోయాను.

డెడాలస్ కొడుకుని పాతిపెడుతుంటే బురద కాలవలోంచి ఒక కౌజు పిట్ట చూసి రెక్కలు టపటపలాడించి సంతోషంగా కూసిందట. ఆ పిట్ట ఎవరంటే డెడాలస్ చెల్లెలి కొడుకు. పన్నెండేళ్ల వాణ్ణి చదువుకోమని మేనమామ దగ్గర వదిలిపెట్టింది తల్లి. వాడు చేప వెన్నుముక చూసి రంపం కనిపెట్టాడు, గుండ్రం గీసే పరికరం కనిపెట్టాడు. మేనమామకి ఈర్ష్య పుట్టి ఏథెన్స్ కోట కొండ మీంచి తోసేసి, జారిపడ్డాడని అబద్ధం చెప్పాడు. పడుతుండగా మినర్వా దేవత పట్టుకుని పిట్టగా మార్చింది. ఆ పడటం గుర్తుంది కాబట్టే అది ఇప్పటికీ ఎత్తుకి ఎగరదు, చెట్టు మీద గూడు కట్టదు, పొదల కింద గుడ్లు పెడుతుంది అంటాడు ఓవిడ్.

ఒక పిల్లాణ్ణి ఎత్తు మీంచి తోశాడు, ఇంకో పిల్లాణ్ణి ఎత్తుకి తీసుకెళ్లి పోగొట్టుకున్నాడు.

రంగులపెట్టె
అయ్యో, ఆ పిట్ట బొమ్మలో ఉంది!! చేపలు పట్టేవాడి దగ్గర కొమ్మ మీద కూర్చుని ఉంటుంది. ఎప్పుడూ చూస్తాను, ఏదో పిట్ట అనుకునేదాన్ని.

సుజాత_ఇంగ్లిష్
అంటే బ్రూగెల్ ఓవిడ్‌ని బాగా చదివే వేశాడు. దున్నేవాడు, కాపరి, జాలరి, కౌజు పిట్ట, నలుగురూ ఉన్నారు. కథలో ఉన్న వాటిని అన్నీ పెట్టి కథానాయకుణ్ణి మాత్రం రెండు కాళ్లకి కుదించాడు. ఇది తెలిసి చేసిన పని.

మధ్యాహ్నం_కాఫీ
ఎగిరినవాడి పక్షాన రాసిన కవి ఒక్కరూ లేరా మరి?

శ్రావణి_రాజమండ్రి
ఉన్నారు! ఆన్ సెక్స్‌టన్. 1962లో వచ్చిన ఆమె సంపుటిలో ఇకారస్ మీద సానెట్ (పద్నాలుగు పంక్తుల కవిత) ఉంది. యేట్స్ కవి, పని వృథా అయిపోయిన ఒక స్నేహితురాలికి ఓదార్పుగా కవిత రాశాడు. సెక్స్‌టన్ ఆ శీర్షికని తిరగేసి, పని విజయవంతమైన స్నేహితుడికి అని పెట్టింది. ఆ విజయం ఎవరిదంటే ఇకారస్‌ది! రెక్కలు ఎలా అంటుకున్నాయో చూడు, చెట్ల పైనుంచి ఎంత ఎత్తుకు పోయాడో చూడు, అతను పడితే ఏమైంది అంటుంది. చివర్లో బుద్ధిమంతుడైన నాన్న తిన్నగా ఊళ్లోకి చేరుకుంటాడు. "బుద్ధిమంతుడు" అన్నమాట ఆమె చేతిలో పొగడ్త కాదు, చదివితే తెలుస్తుంది.

అమెరికన్ కవి జాక్ గిల్బర్ట్ కూడా ఇదే దారి. ఇకారస్ ఎగిరాడన్న సంగతి అందరూ మర్చిపోతారు అని మొదలుపెట్టి, విడిపోయిన పెళ్లి గురించి రాస్తాడు. అక్కడ కలిసి గడిపిన ఉదయాలు గుర్తుచేసుకుని, ఇకారస్ ఓడిపోలేదు, అతని విజయం అక్కడికి అయిపోయింది, అంతే అంటాడు.

నిద్రపట్టని_నాని
గిల్బర్ట్ కవిత ఇప్పుడే వెతికి చదివాను. పాతపుస్తకాలు గారు ఇందాక నన్నడిగిన ప్రశ్న ఇదే కదా. కంపెనీ నడిచిన రోజుల్లో నేను చాలా ఎత్తున ఉన్నాను సార్. మొదటి కస్టమర్ డబ్బు అకౌంట్లో పడిన రోజు రాత్రి ముగ్గురం దుర్గం చెరువు చుట్టూ తెల్లారేదాకా తిరిగాం. అది ఎవరూ తీసుకుపోలేదు.

లెక్కల_మాస్టారు
మూడు పోస్టులు చదివి అందరూ ఉద్వేగంలో ఉన్నారు కాబట్టి ఒక మాట. పిల్లలకి "పడితే పడ్డావు, ఎగిరావుగా" అని నేర్పలేను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ర్యాంకు రాక కుంగిపోయిన పిల్లల్ని చూశాను. వాళ్లకి ఎత్తు ఎంత అనేదానికంటే పడ్డాక ఎవరు పట్టుకుంటారనేదే ముఖ్యం. సెక్స్‌టన్ కవిత అందంగా ఉండొచ్చు, పట్టుకునే చెయ్యి మాత్రం అందులో లేదు.

సుజాత_ఇంగ్లిష్
మాస్టారూ, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. సెక్స్‌టన్ జీవితం తెలిసినవాళ్లకి ఆ కవిత చదవడం ఇంకా కష్టం. ఆమె 1974లో ఆత్మహత్య చేసుకుంది. ఆ కవితలోని ఉత్సాహాన్ని నేను క్లాసులో ఎప్పుడూ ఒంటరిగా వదలను.

రంగులపెట్టె
బొమ్మల్లో ఎగిరినవాడి పక్షం అంటే నాకు ఇద్దరు గుర్తొస్తారు, ఇద్దరూ పూర్తిగా వేరు.

హెర్బర్ట్ డ్రేపర్ 1898లో వేసిన ఇకారస్ ఇప్పుడు లండన్‌లో టేట్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో బంగారు పతకం వచ్చింది. చనిపోయిన యువకుడు రాతి మీద పడి ఉంటాడు, ముగ్గురు జలకన్యలు ఏడుస్తుంటారు. కానీ రెక్కలు చూడండి, ఒక్క ఈక రాలలేదు, బొమ్మ నిండా విచ్చుకుని ఉన్నాయి. మైనం కరిగిన కథలో రెక్కలు ఇంత నిగనిగలాడటం ఏమిటి? ఓటమిని ఇంత అందంగా అలంకరిస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. నిజంగా ఓడినవాళ్లు అలా ఉండరు.

రెండోది మతీస్. 1941లో క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువగా మంచం, చక్రాల కుర్చీ. నిలబడి రంగులు వేయడం కష్టమైంది. రంగు పూసిన కాగితాలు కత్తెరతో కోసి అతికించడం పట్టుకున్నారు. అలా వచ్చిన పుస్తకం 'జాజ్', 1947. అందులో ఇకారస్ ఉన్నాడు. నీలం మీద నల్లటి మనిషి, చుట్టూ పసుపు రంగు నక్షత్రాలు, గుండె దగ్గర చిన్న ఎర్ర చుక్క. పడుతున్నాడా, ఎగురుతున్నాడా, నాట్యం చేస్తున్నాడా తెలియదు. యుద్ధం మధ్యలో చేసిన పని కాబట్టి ఆ నక్షత్రాలు పేలుతున్న బాంబులని కూడా కొందరంటారు. నేను కాపీ చేయడానికి కూర్చుంటే ఆ ఎర్ర చుక్క ఎక్కడ పెట్టాలో కుదరలేదు. ఒక్క గోరంత పక్కకి జరిపితే మనిషి చచ్చిపోయినట్టు కనిపిస్తాడు.

బ్రసెల్స్_బాబాయి
షగాల్‌ని కూడా కలపండి. 1970లలో, చాలా పెద్ద వయసులో వేసిన ఇకారస్ పారిస్‌లో పాంపిడూ మ్యూజియంలో ఉంది. కింద ఊరు ఊరంతా బయటికొచ్చి చూస్తుంటుంది. కొందరు చేతులెత్తుతారు, కొందరు ఇళ్ల కప్పుల మీదే ఉంటారు. పాతపుస్తకాలు గారి కోరిక ఆయన తీర్చాడు, ఓవిడ్ జనం తిరిగొచ్చారు.

గోదారిగట్టు
మరి వాళ్లలో పట్టుకోవడానికి పరిగెత్తేవాడు ఉన్నాడా? మాస్టారు అడిగింది అది.

బ్రసెల్స్_బాబాయి
చూస్తున్నవాళ్లే ఎక్కువ.

మధ్యాహ్నం_కాఫీ
విలియం కార్లోస్ విలియమ్స్ కూడా ఇదే బొమ్మ మీద రాశాడట. ఆయన సంగతి ఎవరూ ఎత్తలేదు.

సుజాత_ఇంగ్లిష్
రాశాడు. ఆయన న్యూజెర్సీలో డాక్టరు, బొమ్మలంటే ప్రాణం. 'పిక్చర్స్ ఫ్రమ్ బ్రూగెల్' 1962లో వచ్చింది, మరుసటి ఏడు ఆయన పోయాక పులిట్జర్ బహుమతి ఇచ్చారు. కవితలో కామాలు, ఫుల్‌స్టాపులు ఉండవు. మొదటి మాటల్లోనే అది వసంతకాలం అని చెప్పేస్తాడు. ఏడాదంతా మేలుకుని కళకళలాడుతోంది, ఎండకి అన్నీ చెమటలు పడుతున్నాయి, అదే ఎండ మైనాన్ని కరిగించింది. ఒడ్డున ఎవరూ గమనించని చిన్న చప్పుడు, అది ఇకారస్ మునగడం. ఆడెన్ వాదిస్తాడు, విలియమ్స్ వాదించడు. పురుళ్లు పోసిన డాక్టరు ఆయన, పుట్టడం చావడం ఒకే రోజు ఒకే వీధిలో చూసిన మనిషి.

వాణి_హైదరాబాద్
ఇన్ని పోస్టుల్లో తండ్రి, కొడుకు, రైతు, కాపరి, జాలరి. ఆడవాళ్లెక్కడ? డ్రేపర్ బొమ్మలో ఏడవడానికి తప్ప?

మ్యూరియల్ రుకైజర్ రాసిన కవిత ఉంది, 1973 సంపుటిలోది. ఇకారస్ కోసం ఒడ్డున ఎదురుచూసే అమ్మాయి మాట్లాడుతుంది. తిరిగొస్తానన్నాడు, ఇద్దరం కలిసి తాగుదామన్నాడు, అన్నీ బాగుపడతాయన్నాడు, రెక్కలకి వాడిన మైనం అన్నిటికన్నా మంచిదన్నాడు... మొదటి సగంలో ప్రతి పంక్తీ "అన్నాడు, అన్నాడు". మధ్యలో వాళ్లమ్మ మాటలు గుర్తొస్తాయి, కొత్తవి కనిపెట్టేవాళ్లు కవుల్లాగే పనికిరానివాళ్లు, వాళ్లని ప్రేమించేవాళ్లు అందరికన్నా అధ్వాన్నం అని. మిగతా అమ్మాయిలు నవ్వుతున్నారు, సాయంత్రమైంది. చివర్లో అంటుంది, ఆ రెక్కలు నేనే కట్టుకుని చూడాలనుకున్నాను, ఇలా ఎదురుచూడటం కన్నా అదే నయం అని.

మా అక్క పెళ్లికి ముందు పైలట్ ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయింది. ఇంట్లో పంపలేదు. తర్వాత బావగారి వ్యాపారం మూడుసార్లు మునిగింది, ప్రతిసారీ ఊరంతా ఆయన్ని "పాపం, పెద్ద కలలు కన్నాడు" అంది. అక్క కలకి పడిపోయే అవకాశం కూడా రాలేదు. అందుకే నాకు ఇకారస్ కవితల్లో ఇదొక్కటే నాది అనిపిస్తుంది.

శ్రావణి_రాజమండ్రి
వాణి గారు, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

పాతపుస్తకాలు
వాణి గారి పోస్టుతో నా మొదటి ఫిర్యాదు దిశ మారిపోయింది. చూసేవాళ్లు, పడేవాళ్లు అని రెండే పక్షాలు అనుకున్నాను. రెక్కలు ఎవరికి చేశారు అనే ప్రశ్న మూడోది. డెడాలస్ రెండు జతలే చేశాడు.

నిద్రపట్టని_నాని
పడ్డాక బతికితే ఏమయ్యేది అని ఎవరైనా రాశారా?

సుజాత_ఇంగ్లిష్
ఎడ్వర్డ్ ఫీల్డ్ రాశాడు, 1960ల మొదట్లో. అందులో ఇకారస్ మునగలేదు. పోలీసులు కేసు మూసేశారు. అతను ఈదుకుంటూ ఊరికి చేరి, ఇల్లు అద్దెకి తీసుకుని, హిక్స్ అనే పేరుతో ఇంటి తోట చూసుకుంటూ బతుకుతున్నాడు. బూడిదరంగు సూటు వేసుకుంటాడు. ఇరుగుపొరుగుకి మంచి మనిషి. రోజూ పనిగదిలో తెరలు దించుకుని చిన్న రెక్కలు చేసుకుని పైకప్పు దీపం దాకా ఎగరబోయి పడతాడు. కమిటీల్లో పనిచేస్తాడు, రోజూ రైల్లో ఆఫీసుకి వెళ్తాడు, మునిగిపోయి ఉంటే బాగుండేది అనుకుంటాడు. వచ్చే ఆదివారం ఆన్‌లైన్‌లో కలిసినప్పుడు దీన్నీ సెక్స్‌టన్ కవితనీ పక్కపక్కన చదువుదామా?

లెక్కల_మాస్టారు
చదువుదాం. నేను వస్తాను.

వాణి_హైదరాబాద్
రుకైజర్‌ది కూడా కలిపితే నేనూ వస్తాను.

నిద్రపట్టని_నాని
వస్తాను. కానీ మేడం, ఆదివారం నేను ఫీల్డ్‌తో గట్టిగా గొడవపడతాను, ఇప్పుడే చెప్తున్నా. నేను ఇప్పుడు ఆ హిక్స్‌నే. పొద్దున్నే మెట్రో ఎక్కి మియాపూర్ నుంచి ఆఫీసుకి వెళ్తాను, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నీళ్ల ట్యాంకర్ల లెక్క చూస్తాను, రాత్రి అందరూ పడుకున్నాక ల్యాప్‌టాప్ తీసి పాత ప్రాజెక్టు మీద కాస్త పని చేసుకుంటాను. మునిగిపోయి ఉంటే బాగుండేదని ఒక్కసారి కూడా అనిపించలేదు. రెండో కవిత ఎవరైనా రాయాలి, అదే హిక్స్ మీద.

సుజాత_ఇంగ్లిష్
నాని గారు, అది మీరే రాసి తీసుకురండి. రాత్రి ఎనిమిదిన్నరకి లింకు ఇక్కడే పెడతాను.